అన్నంతోనే మింగాల్సిన మాత్ర

డయాలసిస్ వార్డులో కొత్తగా చేరే డాక్టర్లకు యంత్రాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పను. కంపెనీవాళ్లు వచ్చి నాకంటే బాగా చెబుతారు, టీ కూడా తాగిస్తారు. నేను చెప్పదలచుకున్నది మెడలో, థైరాయిడ్ వెనక నక్కి ఉండే నాలుగు చిన్న గ్రంథుల గురించి. ఒక్కొక్కటి కందిగింజంత ఉంటుంది. పేరు పారాథైరాయిడ్. అనంతపురంలో కిడ్నీ డాక్టరుగా పనిచేసినంత కాలం ఆ గ్రంథులు, వాటి చుట్టూ ఉన్న మనుషులు విసిగించినంతగా నన్ను ఇంకేదీ విసిగించలేదు.

ముందు జబ్బు సంగతి. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడడం ఈ గ్రంథుల పని. తగ్గిందంటే ఒక హార్మోను వదిలి ఎముకల్లోంచి కాల్షియం లాగుతాయి. కిడ్నీలు పాడైన మనిషిలో ఫాస్ఫరస్ బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. విటమిన్ డి ఒంటికి పనికొచ్చే రూపంలోకి మారదు. కాల్షియం తగ్గుతుంది. గ్రంథులు హార్మోను వదులుతూనే ఉంటాయి. ఏళ్ల తరబడి అలా వదిలి వదిలి, ఉబ్బి, చివరికి ఎవరి మాటా వినని స్థితికి వస్తాయి. రక్తంలో కాల్షియం చాలినంత ఉన్నా, ఎక్కువైనా సరే, ఎముకలను తోడుతూనే ఉంటాయి. మనిషికి ఒళ్లంతా దురద, తొడల్లో నొప్పి, నడకలో ఊగుడు. పట్టించుకోకపోతే ఒకరోజు మంచం దిగబోతూ తొడ ఎముక విరుచుకుంటాడు.

ఎవరికీ పట్టని గ్రంథులు

గుండె జబ్బుకు గుండె డాక్టరు ఉన్నాడు, కంటికి కంటి డాక్టరు ఉన్నాడు. ఈ గ్రంథులకు ఎవరూ లేరు. దురద అని పోతే చర్మం డాక్టరు పూత మందు ఇస్తాడు. తొడ నొప్పి అని పోతే ఎముకల డాక్టరు కాల్షియం తక్కువని సూది వేసి, విటమిన్ పొడి రాసి, పాలు తాగమని పంపిస్తాడు. నా దగ్గర ఏడాదిగా డయాలసిస్ చేయించుకుంటున్న మనిషి కదా అని ఒక్కరూ ఫోన్ చేసి అడగరు. మెడ కోసే సర్జన్ అది కిడ్నీ డాక్టరు చూసుకోవాలంటాడు. కిడ్నీ డాక్టర్లలో సగం మంది, నా తోటివాళ్లే, సిగ్గు లేకుండా అది సర్జన్ చూసుకోవాలంటారు.

హార్మోను పరీక్ష ఇక్కడ జరిగేది కాదు. రక్తం చల్లగా ఉంచి పెద్ద ఊరికి పంపాలి. మే నెలలో అనంతపురం బస్టాండులో మంచుపెట్టె ఎంతసేపు చల్లగా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. పెట్టె గోరువెచ్చగా చేరేది, నమూనా పనికిరాదని తిరుగు కబురు వచ్చేది. మళ్లీ రక్తం తియ్యాలి. అసలే రక్తం తక్కువ మనుషులు. వాళ్ల మొహం చూసి మళ్లీ చెయ్యి చాపమని అడగడం నాకు ప్రతిసారీ తలకొట్టేసినట్టే ఉండేది.

మధ్యాహ్నం మాత్ర

చెన్నకేశవులు ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. నలభై దాటిన మనిషి, మాటకారి. ఒక షావుకారు షెడ్డులో గుంత మగ్గం మీద పని. వారంలో రెండుసార్లు ధర్మవరం నుంచి బస్సులో వచ్చి డయాలసిస్ చేయించుకుని పోయేవాడు. వెంట భార్య రత్నమ్మ. నా దగ్గరికి వచ్చిన కొత్తలోనే దురదతో చేతులు గీరుకుని పుండ్లు చేసుకున్నాడు. ఆ గరుకు చేతులకు పట్టుపోగు తగులుకుని తెగుతోందని షావుకారు సణుగుతున్నాడు. మగ్గం దిగితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆయనకు నా మందులు కావలసింది అందుకు. కిడ్నీ మీద ఆశ ఆయన ఎప్పుడో వదిలేశాడు.

ఫాస్ఫరస్ ఎక్కువగా ఉంది. దానికి నేను ఇచ్చేది తెల్లటి పెద్ద కాల్షియం మాత్ర. అది అన్నంతో కలిస్తేనే పని చేస్తుంది. అన్నంలోని ఫాస్ఫరస్‌ను కడుపులోనే పట్టుకుని బయటికి పంపుతుంది. ఇంత చిన్న సంగతి. నెలలు గడిచినా రక్తంలో ఫాస్ఫరస్ దిగలేదు. ఒకరోజు మంచం పక్కన నిలబడి అడిగాను.

"మాత్రలు ఎప్పుడు మింగుతాండావు?"

"పొద్దున, రాత్రి సార్. ఒక్క పూట గూడా తప్పలేదు. కావాలంటే ఆయమ్మను అడగండి."

"పొద్దున ఏం తింటావు?"

"రొంత టీ. అంతే."

"రాత్రి?"

"గుప్పెడు బొరుగులు. ఆకలి ఉండదు సార్."

"మరి మధ్యాహ్నం?"

మొహం విప్పారింది. "అది మటుకు బాగా తింటా సార్. సంగటి, చెనిక్కాయల చెట్నీ, మీద ఇంత పెరుగు."

"అప్పుడు మాత్ర?"

"మధ్యాహ్నం మాత్ర ఎవురు మింగుతారు సార్? షెడ్డులో పదిమంది ముందర మాత్ర నోట్లో ఏసుకుంటే జబ్బుమనిషి అనుకుంటారు. షావుకారు మంచి చీర నేసేకి నాకిస్తాడా?"

ఇదీ సంగతి. టీ నీళ్లకు మాత్ర, సంగటికి ఏమీ లేదు. తప్పు ఆయన ఒక్కడిదే అయితే నాకింత కోపం వచ్చేది కాదు. తర్వాత వార్డులో ఉన్న ప్రతి మంచం దగ్గరా ఇదే ప్రశ్న అడిగాను. అందరిదీ ఇదే జవాబు. మాత్ర అంటే పొద్దున, రాత్రి. ఈ ప్రాంతంలో పగటి పూట పనిచేసే మనిషికి జబ్బు ఉండకూడదు.

ఆ రోజు మాత్రం ఆయన మంచం పక్కనే నిలబడి అరిచాను. మామూలుగా కాదు, వార్డంతా తలలు తిప్పేటట్టు. "అన్నంతోనే! అన్నం లేకుంటే మాత్ర వద్దు! మాత్ర లేకుంటే అన్నం వద్దు!"

రత్నమ్మ కొంగు బిగించుకుని ముందుకు వచ్చింది. "ఆయప్పకు కాదు సార్, నాకు చెప్పండి. ఆయప్ప ఈ చెవితో విని ఆ చెవితో ఇడుస్తాడు. రేపట్నుంచి క్యారియర్‌లో సంగటి మీదనే మాత్ర పెట్టి పంపుతా. మాత్ర తియ్యకుండా సంగటి ఎట్ల తింటాడో చూస్తా."

అన్నట్టే చేసింది. ఫాస్ఫరస్ దిగింది. దురద తగ్గింది. డాక్టరు ఎంత చదివినా ఇంట్లో అన్నం వడ్డించే మనిషిని పట్టుకోకపోతే ఈ జబ్బులో ఒక్క అడుగు వేయలేడు. కుర్ర డాక్టర్లు రిపోర్టు చూసి మోతాదు పెంచుతారు. ఏం తింటావు, ఎప్పుడు తింటావు అని అడగడం వాళ్లకు నామోషీ.

కాళ్ల సూపు

రెండేళ్లు బాగా నడిచింది. తర్వాత తొడల్లో నొప్పి మొదలైంది. ఒకరోజు డయాలసిస్‌కు వచ్చినప్పుడు రత్నమ్మ సంచిలో స్టీలు క్యారియర్ నుంచి మసాలా వాసన వస్తోంది.

"ఏమది?"

"ఏమీ లేదు సార్."

"ఏమీ లేనిది ఇంత వాసన రాదమ్మా."

"మేకకాళ్ల సూపు సార్. బొమికలు అరిగిపోతాండాయని మీరే అంటిరి. అరిగిన బొమికలకు బొమికల నీళ్లు గాకుండా ఇంకేమి తాపల్ల?"

"ఎవరు చెప్పినారు?"

"ఊరంతా చెప్పినారు. ఎముకల డాక్టర్ గూడా చెప్పినాడు. సూపు, రాగిమాల్టు, పాలు."

ఊరంతా చెప్పారంటే నేను ఓర్చుకోగలను. ఎముకల డాక్టరు కూడా చెప్పడం నన్ను మండించింది. ఆయనకు ఫోన్ చేశాను. "డయాలసిస్ మనిషని నాకు చెప్పలేదు సార్" అన్నాడు. చేతి మీద డయాలసిస్ సూదుల కోసం కట్టిన నరం కొండచిలువలా ఉబ్బి కనిపిస్తుంటే ఇంకా నోటితో చెప్పాలా! చెయ్యి ముట్టుకుని చూస్తే తెలుస్తుంది. ఫిల్మును వెలుగులో పెట్టి చూసేవాళ్లకు మనిషి కనిపించడు.

సూపు, మాల్టు, పాలు, అన్నింటి నిండా ఫాస్ఫరసే. ఆపించాను. కానీ అప్పటికే సూపుతో సంబంధం లేని దశ వచ్చేసింది. ఫాస్ఫరస్‌తో పాటు కాల్షియం కూడా పైకి పాకుతోంది. తెల్లమాత్ర ఆపి వేరే రకం ఇచ్చాను, అదీ అన్నంతోనే. గ్రంథులను అణిచే మాత్ర పెట్టాను. ఆ మాత్రకు చెన్నకేశవులు మింగిందంతా కక్కేవాడు. తొడ ఎముక ఎక్స్‌రే ఫోటోలో ఒకచోట పైపొర కాగితంలా పలచబడింది. ఎప్పుడైనా విరగవచ్చు. విరిగితే ఆ ఎముక అతకదు, మగ్గం గుంతలో మళ్లీ కాళ్లు పెట్టడు. ఆపరేషన్ చేసి గ్రంథులు తీసేయడం తప్ప దారి లేదు.

మా పై అధికారికి చెప్పాను. మంచి మనిషే, ఎవరినీ తిట్టడు, ఏ పనీ చేయడు. "డయాలసిస్ ఆగకుండా నడుస్తాండాది గదా డాక్టర్. ఈ మెడ గోల మనకేంటికప్పా?" అన్నాడు. తన మోకాలు నొప్పికి మాత్రం ఆయన బెంగళూరు రైలెక్కేవాడు. ఇలాంటి పై అధికారులతో పోట్లాడి లాభం లేదు. వాళ్లను అనుమతి అడక్కుండా పని మొదలుపెట్టండి. ఆపడానికి కూడా వాళ్లకు ఓపిక ఉండదు.

సర్జన్ గది బయట బల్ల

మా ఇంటి పేరు చెబితే గుత్తి చుట్టుపక్కల పాతవాళ్లు ఇప్పటికీ కండువా సర్దుకుంటారు. మా తాత కాలంలో ఉన్నవి ఏవీ మా నాయన కాలానికి లేవు. మిగిలింది ఒక్క నియమం: మా ఇంట్లో ఎవరూ ఒకరి గుమ్మం ముందు నిలబడి అడగరు. ఆ నియమం గురించి నాకు ఇప్పటికీ గర్వమే. కానీ అది ఈ వృత్తికి పనికిరాదు. ఇందులో సగం పని అడగడమే.

ఊళ్లో మెడ ఆపరేషన్లు బాగా చేసేవాడు శేషగిరి. నాకంటే చిన్నవాడు. ఒకప్పుడు కిడ్నీ పరీక్ష చూడకుండానే ఒక రోగిని ఆపరేషన్‌కు ఎక్కిస్తుంటే, పదిమంది డాక్టర్ల ముందు "నీకు కత్తి ఎవరిచ్చినారు?" అని అడిగాను. ఆయన మరిచిపోలేదు. నేను పోయిన రోజు రోగులతో పాటు బయట బల్ల మీద చాలాసేపు కూర్చోబెట్టాడు. నా పక్కన గొంతు వాపుతో వచ్చిన కణేకల్ రైతు ఒకాయన "మీకేమి జబ్బు పెద్దాయనా?" అని అడిగాడు. పని ఉండి వచ్చానన్నాను. "పని ఉంటే ఈడికేంటికి వస్తారు?" అని ఆయన జాలిగా జరిగి నాకు ఇంకొంచెం చోటిచ్చాడు.

శేషగిరి తలుపు తీసి ఆశ్చర్యం నటించాడు. "సార్! మీరు ఈడ కూర్చున్యారా? ఎవురూ చెప్పలేదే నాకు."

"చెప్పినారు. నువ్వు విన్యావు. లోపలికి రమ్మంటావా, ఈడనే మాట్లాడమంటావా?"

లోపల ఫోటోలు చూపించాను. తల అడ్డంగా ఊపాడు. "వద్దు సార్. డయాలసిస్ మనిషి. టేబుల్ మీద పోతే నా పేరు పోతుంది."

"చేయకుంటే ఆయప్ప తొడ ఇరుగుతుంది."

"ఇరిగితే ఎముకల డాక్టర్ ఉండాడు గదా."

"నీకు కత్తి ఎవరిచ్చినారని మళ్లా అడగమంటావా?"

ఒక్క క్షణం నా మొహం చూసి పెద్దగా నవ్వాడు. "అడగండి సార్. అప్పట్నుంచి ప్రతి ఆపరేషన్ ముందరా నన్ను నేనే అడుక్కుంటాండా. సరే, చేస్తా. కోసేది నాది. ఆ తర్వాత కాల్షియం గోలంతా మీది. అర్ధరాత్రి నాకు ఫోన్ చేయకూడదు."

ఒప్పుకున్నాను. ఆ బల్ల మీద కూర్చున్నందుకు నాకు పోయిందేమీ లేదు. అంతకుముందే పోయి కూర్చుని ఉంటే ఎంతమంది తొడలు నిలిచేవో అని లెక్కలు వేసుకునే మనిషిని కాను. మీరు మాత్రం తొందరగా పోయి కూర్చోండి.

ఒక్కపొద్దు

ఆపరేషన్ బాగా జరిగింది. గ్రంథులు రేగుపండంత పెరిగి ఉన్నాయి. శేషగిరి అన్నీ తీసి, ఒకదాంట్లోంచి చిన్న ముక్క కోసి, డయాలసిస్ సూది పడని చేతి కండలో నాటాడు. పూర్తిగా లేకపోతే కష్టం కాబట్టి ఆ మాత్రం ఉంచుతారు.

అసలు ప్రమాదం ఆ తర్వాత. ఏళ్లుగా దోపిడీకి గురైన ఎముకలు, దొంగ పోగానే, రక్తంలో ఉన్న కాల్షియాన్ని ఆబగా లాక్కుంటాయి. రక్తంలో కాల్షియం పడిపోతుంది. పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం, ఆపైన మూర్ఛ, గుండె లయ తప్పడం. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు నరంలోకి కాల్షియం ఎక్కించాం. నిలకడగా ఉన్నాక ఇంటికి పంపుతూ పాత తెల్లమాత్రే గుప్పెడు గుప్పెడు ఇచ్చాం. అయితే ఈసారి అన్నంతో కాదు. అన్నంతో కలిస్తే అది ఫాస్ఫరస్‌ను పట్టుకుని బయటికి పోతుంది, రక్తంలోకి చేరదు. ఇప్పుడు కావలసింది రక్తంలోకి చేరడం. కాబట్టి అన్నానికీ అన్నానికీ మధ్య, ఖాళీ కడుపున. ఎముకలు ఫాస్ఫరస్‌ను కూడా లాక్కుంటాయి కనుక ఇప్పుడు పాలు తాగవచ్చు. ఇదంతా నేనే కుర్చీలో కూర్చుని, నెమ్మదిగా, మర్యాదగా రత్నమ్మకు చెప్పాను. ఆమె తల ఊపింది.

ఇంటికి పోయిన కొన్నాళ్లకు ఒక పొద్దున రత్నమ్మ ఫోన్.

"సార్, ఆయప్ప చేతులు కొంకర్లు పోతాండాయి. మూతి తిమ్మిరంటాడు. వేళ్లు విప్పబోతే విప్పుకోవడం లేదు."

"మాత్రలు ఇస్తాండావా?"

"ఇస్తాండాం సార్. మధ్యాహ్నం, అన్నంతో."

"మధ్యాహ్నం ఒక్కసారేనా?"

"అన్నం ఒక్కసారే గదా సార్ తినేది. ఆపరేషన్ గట్టెక్కితే ఇద్దరమూ నెల్లాళ్లు ఒక్కపొద్దు ఉంటామని కదిరి నరసింహస్వామికి మొక్కుకున్యాం."

ఒక్కపొద్దు అంటే రోజుకు ఒక్కపూటే భోజనం. అన్నం ఒక్కసారి, కాబట్టి మాత్ర ఒక్కసారి, అదీ అన్నంతో. అంటే రక్తంలోకి చేరింది దాదాపు ఏమీ లేదు. ఫోన్‌లోకి అరిచాను. భయమో కోపమో ఇప్పటికీ చెప్పలేను.

"ఇప్పుడే మాత్రలు నమిలించు! మింగడం కాదు, నమలాల! పాలు తాపు. వెంటనే బండి మాట్లాడుకుని వచ్చేయండి!"

"ఒక్కపొద్దు సార్, పాలు..."

"నరసింహస్వామికి నేను చెప్పుకుంటాను! తాపు!"

వాళ్లు వచ్చేదాకా ఆసుపత్రి గేటు దగ్గర ఎండలో నిలబడ్డాను. ఆటో దిగేసరికి చెన్నకేశవులు వేళ్లన్నీ మొనదేరి కలిసిపోయి ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది. గుండె యంత్రం చూస్తూ నరంలోకి కాల్షియం మెల్లగా ఎక్కించాం. తొందరపడితే గుండె ఆగుతుంది, ఆలస్యమైతే కూడా ఆగుతుంది. చాలాసేపటికి బొటనవేలు కదిలింది. తర్వాత ఒక్కో వేలూ విడిపోయింది. ఆయన చెయ్యి పైకెత్తి చూసుకుని, "పోగు పట్టుకోవచ్చు సార్" అన్నాడు.

అప్పుడు రత్నమ్మ వైపు తిరిగాను. "ఖాళీ కడుపున ఇయ్యమని నేను నీకు చెప్పలేదా?"

"చెప్పినారు సార్."

"మరి?"

ఆమె తల దించలేదు. "మొన్న మెల్లగా చెప్పినారు. ముందు చెప్పినప్పుడు అరిచినారు. ఏది నిజమో మాకేం తెలుసు సార్? గట్టిగా చెప్పిందే నిజమనుకున్యాం."

పుస్తకాల్లో మోతాదులు ఉన్నాయి, వేళలు ఉన్నాయి. ఒక నియమాన్ని మనిషి బుర్రలోకి ఎక్కించాక, దాన్ని తిరిగి ఎలా దింపాలో ఏ పుస్తకంలోనూ లేదు. మన మాట విననివాళ్ల మీద మనం విసుక్కుంటాం. ఈ జబ్బులో అక్షరాలా విన్నవాళ్లే చావు అంచుదాకా పోయారు. అందుకే చెబుతున్నాను: మందు వాడే తీరు మారినప్పుడు కొత్తది చెప్పి ఊరుకోకండి. పాతది రద్దయిందని చెప్పండి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకోండి.

చెన్నకేశవులు తొడ ఎముక విరగలేదు. గట్టిపడడానికి చాలా నెలలు పట్టింది. తర్వాత మగ్గం గుంతలో కాళ్లు పెట్టాడు, డయాలసిస్‌కు ఇప్పటికీ వస్తున్నాడు. కానీ నాకు ఎక్కువగా గుర్తున్నది ఆయన రెండోసారి ఇంటికి బయలుదేరిన రోజు. వరండాలో జనం ఉన్నారు. మా పై అధికారి కూడా అటే వస్తున్నాడు. నేను మాత్రల సంచి రత్నమ్మ చేతికిచ్చి, గొంతు సవరించుకుని, ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

"పాత మాట రద్దు! అన్నంతో వద్దు! అన్నానికీ అన్నానికీ మధ్యలో! మొక్కు నువ్వు తీర్చు, ఆయప్పకు ఒక్కపొద్దు లేదు!"

వరండా అంతా ఆగిపోయింది. మా పై అధికారి వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

చెన్నకేశవులు చెవిలో వేలు పెట్టుకుని తిప్పుకున్నాడు. "సార్, కోసింది మెడ. చెవులు బాగానే ఉండాయి."

"నువ్వు గమ్మునుండు" అంది రత్నమ్మ, సంచి చంకలో పెట్టుకుంటూ. "సార్, ఇంకొక్కసారి చెప్పండి. ఇంతే గట్టిగా."